బేరమూ బేరీజూ

ఎద్దును కొనడానికి సంతకు బయలుదేరే రైతు వెంట పూర్వం రెండే వస్తువులు ఉండేవి. ఒకటి మొలలో దోపుకొన్న పైకం, రెండవది భుజాన వేసుకొన్న తువ్వాలు. ఆ తువ్వాలు చెమట తుడుచుకోవడానికే గాక బేరమాడడానికీ పనికివచ్చేది. దాని మరుగున కొనేవాడూ దళారీ వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. చుట్టూ మూగినవారికి అంకె తెలిసేది కాదు. అయితే తువ్వాలు కిందికి చేయి వెళ్ళేసరికే అసలు పరీక్ష ముగిసి ఉండేది. నోరు తెరచి పళ్ళు చూసి వయస్సు లెక్కకట్టడం, గిట్టలు తట్టి చూడడం, నాలుగడుగులు నడిపించి కుంటు ఉన్నదేమో కనిపెట్టడం, అమ్మేవాడు ఒప్పుకొంటే కాడి కట్టి బరువు లాగించి చూడడం జరిగిన తరువాతనే ధర మాట వచ్చేది. కొమ్ములకు రంగులూ మెడలో గంటలూ మరీ ఎక్కువగా కనిపిస్తే అనుభవజ్ఞుడు ఇంకొంచెం అనుమానంగా చూసేవాడు.

రాజులకు కూడా ఈ శ్రమ తప్పలేదు. సముద్రం మీదుగా వచ్చే గుర్రాలకు విజయనగర ప్రభువులు పెద్ద మొత్తాలు చెల్లించేవారు. మేలుజాతి గుర్రమేదో, కానిదేదో చెప్పే అశ్వలక్షణ శాస్త్రం మన పద్యసాహిత్యంలోకి కూడా వచ్చింది. మనుమంచి భట్టు రచించిన 'హయలక్షణ విలాసం' అటువంటి గ్రంథమే. కొనే వస్తువు లోపల ఏమున్నదో కంటికి కనిపించనప్పుడు, పైకి కనిపించే గుర్తులను చదవడం నేర్చుకోక తప్పదు మరి.

2024 ఆగస్టులో పల్నాడుకు చెందిన ఒక మిర్చి రైతు తన కూతురిని వెంటబెట్టుకొని గుంటూరులోని ఒక కంప్యూటర్ల దుకాణంలో అడుగుపెట్టాడు. అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటర్ సైన్సు శాఖలో సీటు సంపాదించింది. తరగతులు ప్రారంభమయ్యేలోగా ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకోవాలని కళాశాలవారు చెప్పారు. పంట అమ్మగా వచ్చిన సొమ్ములో కౌలు, ఎరువుల బాకీ, హాస్టలు రుసుము పోగా తండ్రి చేతిలో మిగిలినది రూ. 32,000. ఆయన యౌవనంలో ఎన్నో సంతలు తిరిగినవాడు. ఎద్దుల బేరంలో ఆయనను మోసగించగల దళారీ ఆ చుట్టుపక్కల లేడని ఊళ్ళో పేరు. ఇప్పుడు ఆయన ఇంట ఎద్దులు లేవు. దుక్కికి ట్రాక్టరు కిరాయికి వస్తున్నది. కొట్టం ఖాళీ అయినప్పటి నుంచి ఆ నేర్పుకు పనిలేకుండా పోయింది. వరుసగా తెరచిపెట్టిన ల్యాప్‌టాపుల ముందు నిలబడితే ఆయన కంటికి అన్నీ ఒక్కలాగే కనిపించాయి.

దుకాణంలోని కుర్రవాడు చురుకైనవాడు. వెండిరంగులో మెరుస్తున్న ఒక పలుచని యంత్రాన్ని ముందుకు జరిపి, "ఇది బాగా పోతోందండీ. ఇరవైనాలుగు వేల తొమ్మిది వందల తొంభై. బ్యాగు, మౌసు, హెడ్‌ఫోను ఉచితం" అన్నాడు. అమ్మాయి దానిని చేతిలోకి తీసుకొన్నది. పుస్తకమంత తేలికగా ఉన్నది. మూత తెరిస్తే రంగురంగుల పూలు విచ్చుకొన్నాయి. ఆమె ముఖం కూడా విచ్చుకొన్నది. తండ్రి మాత్రం ఉచితాల పట్టికను విని, "కొమ్ములకు రంగు బాగానే పూశారు" అని తనలో తాను అనుకొన్నాడు. కొనలేదు, కాదనలేదు. భోజనం చేసి వస్తామని చెప్పి కూతురిని బయటికి తీసుకొని వచ్చాడు.

అదే ఊళ్ళో ఆయన తమ్ముడి కొడుకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతున్నాడు. పళ్ళు చూసేవాడు ఒకడు కావాలనిపించి తండ్రి అతని దగ్గరకు నడిచాడు.

తక్కువ ధరకు వచ్చే యంత్రంలో ఏదో ఒకటి వదలివేసి ఉంటారన్నది అందరికీ తెలిసిన విషయమే. వదలివేసినది ఏది అన్నదానిపైనే కొన్నవారి కష్టసుఖాలు ఆధారపడి ఉంటాయి. చవక కంప్యూటర్ల చరిత్రలో ఇందుకు చక్కని ఉదాహరణలున్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన నికొలాస్ నెగ్రొపాంటే, పేదదేశాల బాలలకు వంద డాలర్ల ల్యాప్‌టాప్ అందిస్తామని 2005లో ప్రకటించాడు. 2007లో ఉత్పత్తి మొదలయ్యేనాటికి దాని ఖర్చు వంద డాలర్ల లక్ష్యాన్ని దాటి రెండు వందలకు చేరువైంది. అయినా దాని నిర్మాణంలోని వివేకాన్ని మెచ్చుకోవాలి. అందులో 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ నిల్వ మాత్రమే ఉండేవి. వేగమూ తక్కువే. కానీ ఎండలో, చెట్టు కింద కూర్చొని చదివినా అక్షరాలు కనిపించే తెరను వారు వదలుకోలేదు. దుమ్ము దూరని రబ్బరు కీబోర్డును వదలుకోలేదు. విద్యుత్తు చాలా తక్కువగా వాడుకొనే గుణాన్నీ వదలుకోలేదు. ఆ పథకం బాలల చదువును ఎంతవరకు మెరుగుపరచిందన్నది వేరే వాదం. పల్లెటూరి పిల్లవాడు ఎక్కడ కూర్చుంటాడో ఊహించి చేసిన యంత్రమన్నది మాత్రం నిజం.

మన దేశపు ప్రయత్నం పేరు 'ఆకాశ్'. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆ ట్యాబ్లెట్‌ను విడుదల చేశారు. ప్రభుత్వం దానికి చెల్లించిన ధర సుమారు 50 డాలర్లు. ఆ యంత్రాలను కూర్చినది హైదరాబాదులోనే కాబట్టి తెలుగువారికి దానితో కొంత చుట్టరికం ఉన్నది. ప్రపంచమంతా ఆ ధర చూసి ఆశ్చర్యపోయింది. విద్యార్థుల చేతికి వచ్చిన తరువాత మరొక ఆశ్చర్యం కలిగింది. దాని ఏడంగుళాల తెర వేలి స్పర్శకు గాక ఒత్తిడికి స్పందించే రకం. గట్టిగా నొక్కితే తప్ప పలికేది కాదు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్ పని ఒత్తిడికి నీరసించేవి. బ్యాటరీ తొందరగా ఖాళీ అయ్యేది. ట్యాబ్లెట్‌కు కీబోర్డు లేదు, మౌసు లేదు. మనిషికీ దానికీ మధ్య ఉన్న ఏకైక ద్వారం ఆ తెర. పొదుపు సరిగ్గా ఆ ద్వారం దగ్గరే జరిగింది. 2012 నవంబరులో వచ్చిన 'ఆకాశ్-2'లో స్పర్శతో పలికే తెరనూ వేగవంతమైన ప్రాసెసర్‌నూ అమర్చి, ధరను మాత్రం ఇంచుమించు అలాగే నిలిపారు. కాలం గడిచి విడిభాగాలు చవకైతే అది సాధ్యమైంది. మొదటి విడతలో అందుకొన్నవారికి ఆ సంగతి ఏం ఓదార్పునిస్తుంది?

తమ్ముడి కొడుకు ఈ చరిత్రలేవీ చెప్పలేదు. అతని బల్లమీద రెండు ల్యాప్‌టాపులు వెనుకవైపు మూతలు విప్పి ఉన్నాయి. వాటిని పెదనాన్న ముందుకు జరిపి, ఆయన భాషలోనే చెప్పసాగాడు.

"పెదనాన్నా, ప్రాసెసర్ అంటే పనిచేసే మనిషి అనుకో. ఈ ర్యామ్ ఉన్నదే, ఇది కళ్ళం. నూర్చేటప్పుడు పంటను పరచుకొనే చోటు. పక్కనున్న ఇది గాదె. పని అయిన తరువాత దాచుకొనే చోటు. గాదె ఎంత పెద్దదైనా కళ్ళం ఇరుకైతే నూర్పిడి సాగదు. మీరు చూసి వచ్చిన దానిలో కళ్ళం నాలుగు జీబీ. విండోస్ 11కు కనీసం కావలసినది అంతే. అంటే విండోస్ వచ్చి కూర్చొనేసరికే కళ్ళం చాలావరకు నిండిపోతుంది. చెల్లాయి తన ప్రోగ్రాములు ఎక్కడ పరచుకొంటుంది?"

"మరి కళ్ళం పెంచుకోకూడదా?" అని తండ్రి అడిగాడు. అడగవలసిన ప్రశ్న అదే.

ఆ కుర్రవాడు ఒక బోర్డు మీద వేలు పెట్టి చూపాడు. అక్కడ ర్యామ్ చిప్పులు బోర్డుకే అతికి ఉన్నాయి. రెండవ దానిలో చిన్న గాడి ఉన్నది. దానిలోని ముక్కను తీసి మరొకటి పెట్టుకోవచ్చు. వెండిరంగు ల్యాప్‌టాప్ మొదటి జాతికి చెందినది. దాని గాదె కూడా ఈఎంఎంసీ అనే రకం. అది కూడా బోర్డుకే అతికి ఉంటుంది, వేగంలో ఎస్‌ఎస్‌డీకి సరితూగదు. యంత్రం అంత పలుచగా, అంత తేలికగా ఉండడానికి ఇదీ ఒక కారణం. కొన్ననాడు ఎలా ఉంటుందో నాలుగేళ్ళ తరువాత కూడా అలాగే ఉంటుంది. దాని మీద పడే బరువు మాత్రం ఏటేటా పెరుగుతుంది.

తరువాత మార్చుకోగలిగినవి కొన్ని, ఎన్నటికీ మార్చుకోలేనివి కొన్ని. ఈ విభజన తెలిస్తే సగం బేరం తెలిసినట్లే. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. గాడి ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. బ్యాటరీ అరిగితే కొత్తది వేసుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం ఈనాటి ల్యాప్‌టాపులలో బోర్డుతో పుట్టి బోర్డుతోనే పోతుంది. తెర మార్చడానికి అయ్యే ఖర్చు చూస్తే మార్చాలన్న కోరికే చస్తుంది. మీటలు వేలికి ఎలా తగులుతున్నాయి, మూతను పట్టి ఉంచే మడతబందు బిగువుగా ఉన్నదా, వదులుగా ఉన్నదా అన్నవి కాగితం మీద ఎక్కడా రాయరు. దుకాణంలో నిలబడి చేత్తో చూడవలసినదే. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే అంకెలు చాలావరకు తరువాత మార్చుకోగలిగినవే కావడం విచిత్రం.

మరి మార్గమేమిటి? కొత్త వాటిలో అమ్మాయి చదువుకు నాలుగేళ్ళు నికరంగా సరిపోయేది రూ. 44,000 ఉన్నది. మిగిలిన పన్నెండు వేలకు 'వడ్డీ లేని వాయిదాలు' ఉన్నాయని దుకాణంలో చెప్పారు. వడ్డీ లేకుండా అప్పిచ్చే షావుకారును తండ్రి తన జీవితంలో చూడలేదు. విచారిస్తే, రొక్కం ఇచ్చేవారికి దక్కే తగ్గింపు వాయిదాల వారికి దక్కదనీ, పైగా నమోదు రుసుము ఉంటుందనీ తెలిసింది. వడ్డీ ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకొని కూర్చున్నది. ఊళ్ళో తెస్తే నెలకు నూటికి రెండు రూపాయలు. పంటకు పెట్టుబడి తేవలసిన అదనులో అది కూడా తేలిక కాదు.

అప్పుడు తమ్ముడి కొడుకు మూడవ దారి చెప్పాడు. పెద్ద కంపెనీలు ఉద్యోగుల కోసం తీసుకొన్న ల్యాప్‌టాపులను మూడు నాలుగేళ్ళకు మార్చివేస్తాయి. వాటిని కొన్ని సంస్థలు తెచ్చి, శుభ్రంచేసి, పరీక్షించి, తిరిగి అమ్ముతాయి. తన కొట్టుకు నాలుగడుగుల దూరంలోనే అటువంటి దుకాణమున్నది. ముగ్గురూ అక్కడికి వెళ్ళారు.

మొదట చూపించినది పదిహేను వేలది. ధర విని తండ్రి కళ్ళు మెరిశాయి. తమ్ముడి కొడుకు తల అడ్డంగా ఊపాడు. దాని ప్రాసెసర్ ఆరవ తరానిది. ఇంటెల్ వాటిలో ఎనిమిదవ తరం నుంచే విండోస్ 11కు అధికారికంగా అనుమతి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ అప్పటికే ప్రకటించి ఉన్నది. చెప్పిన తేదీకే ముగించింది కూడా. "ఇది పళ్ళు అరిగిన ఎద్దు పెదనాన్నా" అన్నాడు. ఆ మాటతో ఆయనకు సర్వమూ అర్థమైంది.

రెండవది ఎనిమిదవ తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1920×1080 తెర. ర్యామ్‌కు ఇంకొక గాడి ఖాళీగా ఉన్నది. ధర రూ. 23,000. ఆరు నెలల హామీ. కీబోర్డు మీద వేళ్ళు పెడితే మీటలు లోతుగా, నిబ్బరంగా పలికాయి. దోషాలూ దాచుకోవడానికి వీలులేనంత స్పష్టంగా ఉన్నాయి. నల్లని మూత మీద గీతలు. ఒక మూల నొక్కుకొనిపోయింది. ఎవరి కార్యాలయపు చీటీయో ఊడదీసిన జిగురు మరక. కెమెరాలో ముఖం మసకగా కనిపిస్తున్నది. బరువు వెండిరంగు దానికంటె బాగా ఎక్కువ. బ్యాటరీ అలసిపోయింది.

అమ్మాయి ఆ నొక్కును వేలితో తడిమి చూసి మౌనంగా ఉండిపోయింది. హాస్టలులో ఒకే గదిలో నలుగురుంటారు. మొదటిరోజు నలుగురూ తమ తమ ల్యాప్‌టాపులను మంచాల మీద తెరుస్తారు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఇది చిన్న విషయమని పెద్దలు అంటారు గాని, అది వారు ఆ వయస్సును మరచిపోవడం వల్ల అనే మాట. తండ్రి ఆమె ముఖం చూశాడు. "నీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా. పన్నెండు వేలు ఎక్కడైనా తెస్తాను, నలభైనాలుగు వేలదే తీసుకొందాం" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందువల్లనే ఆమెకు జవాబు చెప్పడం కష్టమైంది.

చాలాసేపటికి ఆమె, "అన్నయ్యా, ఆ వెండిరంగు దానిని ఇంకొకసారి చూడాలి" అన్నది. తిరిగి మొదటి దుకాణానికి వెళ్ళారు. ఆమె దానిలో ఒక పాఠం వీడియోను ఆడించి, పక్కన మరొక కిటికీలో ప్రోగ్రాము రాయడానికి ప్రయత్నించింది. ఆరేడు కిటికీలు తెరిచేసరికి వీడియో తడబడింది. ఆమె మీటలు నొక్కిన తరువాత కొంతసేపటికి గాని అక్షరాలు తెర మీదికి రాలేదు. వేళ్ళు ముందు, అక్షరాలు వెనుక. ఆమె మూత మెల్లగా మూసి, దానిని ఒకసారి అరచేతితో నిమిరి, "నల్లదే తీసుకొందాం నాన్నా" అన్నది. నిమరడం తండ్రి చూశాడు. చూడనట్లు బయటికి నడిచాడు.

ఆ ఎంపిక అందరికీ తగినదని చెప్పడానికి వీలులేదు. వెనుక మూత విప్పి చూడగల అన్నయ్య ఆమెకు ఉన్నాడు. అటువంటివారు లేని ఇంటికి ఏడాది వారంటీతో కొత్తది తీసుకోవడమే క్షేమం కావచ్చు. ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ, పిల్లలకు ఫీజు కట్టడానికీ మాత్రమే వాడేవారికి వెండిరంగుది చాలాకాలం చక్కగా పనికివస్తుంది కూడా. నల్లదానితో ఆమెకు కష్టాలు లేకపోలేదు. మోతబరువుకు భుజం నొప్పి పుట్టేది. కెమెరా మసక వల్ల ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు స్నేహితురాలి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. పలుచని యంత్రాలను చూసినప్పుడు ఈనాటికీ ఆమె చూపు ఒక క్షణం అక్కడ ఆగుతుంది. మరొకవైపు, కొన్ననాడే అన్నయ్య ఖాళీ గాడిలో ఇంకొక 8 జీబీ ర్యామ్ వేయించాడు, దానికి రూ. 1,700 అయింది. 2025 చివర మెమరీ ధరలు ఆకాశానికి అంటినప్పుడు, 'తరువాత చూద్దాంలే' అనుకొన్న సహాధ్యాయుల ముందు ఆమెకు ఆ గాడి విలువ తెలిసివచ్చింది.

ఇక ఆనాటి బేరం. నల్లదాని దుకాణానికి తిరిగి రాగానే తండ్రిలో ఏదో పాతకాలపు హుషారు పుట్టింది. ల్యాప్‌టాప్ మూతను పదిసార్లు తెరిచి, పదిసార్లు మూశాడు. మడతబందు దగ్గర చెవి పెట్టి విన్నాడు. బోర్లించి మరలన్నీ ఉన్నాయో లేవో లెక్కపెట్టాడు. ఛార్జరు తీగను మొదటి నుంచి చివరి దాకా వేళ్ళ మధ్య జార్చి చూశాడు. లోపల కూడా చూడాలన్నాడు. దుకాణదారు మొదట నవ్వాడు, తరువాత మూత విప్పి చూపించాడు. అన్నీ అయిన తరువాత తండ్రి, "బ్యాటరీ కొత్తది వేసి, ధర చెప్పండి" అన్నాడు.

దుకాణదారు కాలిక్యులేటరు తీసి అంకెలు నొక్కి, పక్కనున్న వేరే గిరాకీలకు కనిపించకుండా అరచేయి అడ్డంపెట్టి, ఆయన వైపు తిప్పాడు. తండ్రి దానిని చూసి, తుడిచివేసి, తన అంకె నొక్కి, అదే విధంగా చేయి అడ్డంపెట్టి తిరిగి ఇచ్చాడు. కాలిక్యులేటరు ఆ ఇద్దరి మధ్య నాలుగుసార్లు అటూఇటూ తిరిగింది. ఎవరూ మాట్లాడలేదు. చివరకు దుకాణదారు తల ఊపి బిల్లు పుస్తకం తీశాడు. యంత్రానికి ఇచ్చిన ఆరు నెలల హామీ కొత్త బ్యాటరీకీ వర్తిస్తుందని బిల్లు మీద చేత్తో రాయించి, దుకాణం ముద్ర వేయించి, అమ్మాయిచేత పైకి చదివించిన తరువాతనే ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొన్నాడు.